పది లక్షల ఫ్లిప్‌ఫ్లాప్‌లకు ఎనిమిది పిన్నులు: చిప్ టెస్ట్ డేటా కంప్రెషన్‌పై మీ ప్రశ్నలు

తయారైన చిప్‌లో లోపం ఉందేమో చూడటానికి దాన్ని టెస్ట్ మోడ్‌లో పెడితే అందులోని ఫ్లిప్‌ఫ్లాప్‌లన్నీ (ఒక్కో బిట్‌ను దాచుకునే చిన్న సర్క్యూట్లు) వరుసగా కలిసి స్కాన్ చెయిన్లు అవుతాయి. ఒక కొస నుంచి బిట్లు ఎక్కిస్తాం. ఒక క్లాక్ (చిప్‌ను ఒక్క అడుగు నడిపే పల్స్) కొట్టి, లాజిక్ ఇచ్చిన జవాబును అవే ఫ్లిప్‌ఫ్లాప్‌లలో పట్టుకుంటాం. రెండో కొస నుంచి దించి సరిచూస్తాం. ఒక్కోసారి ఎక్కించే బిట్ల కట్ట ఒక ప్యాటర్న్. ఈ ప్యాటర్న్‌లను కుదించడం మీద వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: టెస్ట్ డేటా మరీ పెద్దదైతే ఫైలును జిప్ చేస్తే సరిపోదా? దానికోసం చిప్ లోపల వేరే సర్క్యూట్ పెట్టడం ఎందుకు?
— బీటెక్ చివరి సంవత్సరం విద్యార్థి, తెనాలి

జిప్ చేస్తే తగ్గేది హార్డ్ డిస్క్ మీద చోటు మాత్రమే. టెస్టర్ (చిప్‌లను పరీక్షించే యంత్రం) దగ్గరికి వచ్చేసరికి ఆ ఫైలును విప్పి, ప్రతి పిన్ను వెనకా ఉండే వెక్టర్ మెమరీలో నింపాల్సిందే. అక్కడి నుంచి ఒక్కో క్లాక్‌కు ఒక్కో బిట్ చొప్పున చిప్‌లోకి పంపాల్సిందే. డబ్బు ఖర్చయ్యేది అక్కడ.

లెక్క వేసి చూడండి. ఒక చిప్‌లో 10 లక్షల ఫ్లిప్‌ఫ్లాప్‌లు, స్కాన్ కోసం 8 పిన్నుల జతలు ఉన్నాయనుకుందాం. 8 చెయిన్లు, ఒక్కోదాంట్లో 1,25,000 ఫ్లిప్‌ఫ్లాప్‌లు. ఒక ప్యాటర్న్ ఎక్కడానికి 1,25,000 క్లాకులు పడుతుంది. పాత జవాబు దిగేదీ కొత్త ప్యాటర్న్ ఎక్కేదీ ఒకేసారి కాబట్టి దించడానికి విడిగా లెక్క లేదు. 10,000 ప్యాటర్న్‌లకు 125 కోట్ల క్లాకులు. షిఫ్ట్ వేగం 50 మెగాహెర్ట్జ్ అయితే 25 సెకన్లు. ఎక్కించే బిట్లే 1,000 కోట్లు, సరిచూసుకోవాల్సిన జవాబు బిట్లు ఇంకో 1,000 కోట్లు. లక్షల సంఖ్యలో తయారయ్యే చిప్‌ను ఒక్కో దాన్నీ 25 సెకన్లు టెస్టర్ మీద కూర్చోబెడితే గిట్టుబాటు కాదు.

అవే ఫ్లిప్‌ఫ్లాప్‌లను 800 చెయిన్లుగా తెంపితే ఒక్కో చెయిన్ పొడవు 1,250కి దిగుతుంది, మొత్తం సమయం పావు సెకనుకు వస్తుంది. కానీ 800 పిన్నుల జతలు ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే చిప్ లోపల ముందు ఒక డీకంప్రెసర్, వెనక ఒక కంపాక్టర్ పెడతారు. 8 పిన్నుల్లోంచి వచ్చినదాన్ని మొదటిది 800 చెయిన్లకు పంచుతుంది, 800 చెయిన్ల జవాబులను రెండోది 8 పిన్నులకు కుదిస్తుంది.

పోనీ ఆ డీకంప్రెసర్‌గా జిప్ విప్పే సర్క్యూట్‌నే పెట్టకూడదా అంటే, రెండు చిక్కులు. అది తాను విప్పిన దాంట్లో 32 కిలోబైట్ల వరకు వెనక్కి తిరిగి చూసుకోవాలి, అంత మెమరీని టెస్ట్ కోసం ఎవరూ పెట్టరు. పైగా ఒకచోట నాలుగు బిట్లు తిని వంద బిట్లు కక్కుతుంది, ఇంకోచోట వంద తిని వందే ఇస్తుంది. టెస్టర్‌కు అలా ఆగి ఆగి పంపడం చేతకాదు. ప్రతి క్లాక్‌కూ ఇన్ని బిట్లు లోపలికి, ఇన్ని బిట్లు చెయిన్లలోకి అని ముందే తేలిపోవాలి.

వీటన్నింటికన్నా ముఖ్యమైన తేడా ఇంకోటి. జిప్ మీరిచ్చిన ఫైలును ఒక్క బిట్ కూడా మారకుండా తిరిగివ్వాలి. టెస్ట్ ప్యాటర్న్‌కు ఆ నియమం లేదు. ఒక లోపాన్ని బయటపెట్టడానికి ఏటీపీజీ (ప్యాటర్న్‌లను తనంతట తానే తయారుచేసే) సాఫ్ట్‌వేర్ ‘ఈ ఫ్లిప్‌ఫ్లాప్‌లో 1 ఉండాలి, ఆ రెండింట్లో 0 ఉండాలి’ అని కొద్ది బిట్లనే పట్టుబట్టి అడుగుతుంది. వాటిని కేర్ బిట్లు అంటారు. పెద్ద చిప్‌లలో ఇవి మామూలుగా నూటికి 1 నుంచి 5. మిగతా చోట్ల ఏం పడినా ఎవరికీ పట్టదు, అవి డోంట్ కేర్లు. కంప్రెషన్ అంతా ఆ ఖాళీ మీదే నడుస్తుంది.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం ఎస్13207 (పరిశోధకులు పద్ధతులను పోల్చుకోవడానికి వాడే నమూనా) సర్క్యూట్ టెస్ట్ సెట్‌ను ఎఫ్‌డీఆర్ (ఫ్రీక్వెన్సీ డైరెక్టెడ్ రన్‌లెంగ్త్) కోడ్‌తో కుదిస్తున్నాను. పేపర్లలో బాగా తగ్గినట్టు రాశారు, నాకేమో ఫైలు ఇంకా పెరిగింది. కోడ్‌లో తప్పుందా?
— ఎంటెక్ విద్యార్థిని, కాకినాడ

కోడ్‌లో కాదు, మీరు తీసుకున్న సెట్‌లో ఉండి ఉంటుంది. డోంట్ కేర్ల స్థానంలో ఏటీపీజీ అప్పటికే రాండమ్‌గా 0లు, 1లు నింపేసిన ఫైలును మీరు తీసుకున్నారని మా అనుమానం. పేపర్లలో వాడే మింటెస్ట్ (ఒక ఏటీపీజీ ప్రోగ్రామ్) సెట్ 236 ప్యాటర్న్‌లు, ఒక్కోటి 700 బిట్లు, మొత్తం 1,65,200. అందులో 90 శాతానికి పైగా డోంట్ కేర్లే. వాటన్నింటినీ ముందు 0తో నింపి, ఆ తర్వాతే కోడ్ చేస్తారు.

అన్షుమన్ చంద్ర, కృష్ణేందు చక్రబర్తి ప్రతిపాదించిన ఈ ఎఫ్‌డీఆర్ పద్ధతిలో లెక్కపెట్టేది, ఒక 1 వచ్చేలోపు ఎన్ని 0లు వచ్చాయన్నది. ఆ పొడవు 0 లేదా 1 అయితే 00, 01 అని రెండు బిట్ల కోడ్. 2 నుంచి 5 వరకు ముందు 10, వెనక రెండు బిట్లు. 6 నుంచి 13 వరకు ముందు 110, వెనక మూడు బిట్లు. ఇలాగే పెరుగుతూ పోతుంది. చేత్తో ఒకటి చేద్దాం. గీత ఉన్నచోట డోంట్ కేర్:

--0- 1--- ---0 --1- --1- ----

0లతో నింపితే:

0000 1000 0000 0010 0010 0000

మొదటి 1కి ముందు 4 సున్నాలు, రెండో దానికి ముందు 9, మూడో దానికి ముందు 3, చివర్లో 5 మిగిలాయి. 4కు కోడ్ 1010. 9 మూడో గుంపులో 6 నుంచి మొదలుపెడితే మూడు దాటి ఉంది కాబట్టి 110011. 3కు 1001. చివరి 5 సున్నాల తర్వాత లేని 1 ఉందనుకుని 1011. మొత్తం 18 బిట్లు, అసలు 24. (నిజంగా చేసేటప్పుడు ఆ చివరి 5 సున్నాలు తర్వాతి ప్యాటర్న్‌లోని సున్నాలతో కలిసిపోతాయి, కాబట్టి ఇంకా లాభమే.)

ఇప్పుడు నష్టం ఎక్కడ వస్తుందో చూడండి. వెంట వెంటనే 1లు వస్తే, అంటే పొడవు 0 అయితే, ఒక బిట్‌కు రెండు బిట్ల కోడ్ కడుతున్నాం. పొడవు 1 అయితే రెండుకు రెండు. 2 అయితే మూడు బిట్లకు నాలుగు. 3 అయితే నాలుగుకు నాలుగు. లాభం 4 నుంచే మొదలు. రాండమ్‌గా నింపిన ఫైలులో సగటున ఒక్క సున్నాకో 1 వస్తుంది కాబట్టి ఫైలు పెరగక ఏమవుతుంది? మీ ఫైలులో 1ల శాతం ఎంతో ముందు లెక్కపెట్టండి. అది 50కి దగ్గరగా ఉంటే మా అనుమానం నిజమే.

వెరిలాగ్ (సర్క్యూట్లను రాసే భాష)లో డీకోడర్, అంటే కోడ్‌ను విప్పే సర్క్యూట్, రాసేటప్పుడు ఇంకో మాట. 9 సున్నాలు చెయిన్‌లోకి పోతున్నంతసేపూ డీకోడర్ కొత్త బిట్ తీసుకోలేదు, టెస్టర్‌ను ఆగమని చెప్పాలి. దాన్ని దాటడానికి చిప్ లోపలి స్కాన్ క్లాక్‌ను టెస్టర్ క్లాక్‌కన్నా కొన్ని రెట్లు వేగంగా నడుపుతారు, లేదా టెస్టర్‌కు ఎప్పుడు ఆగాలో ఎప్పుడు పంపాలో చెప్పే ఒక సిగ్నల్ పెడతారు. రిపోర్టులో ఈ సంగతి దాటవేయకండి. ఈ జాతి కోడ్‌లు పేపర్లలో అంత బాగా కనిపించినా పరిశ్రమలో నిలవకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. చదువుకోవడానికి మాత్రం ఇంతకన్నా మంచి మొదటి మెట్టు లేదు.

ప్రశ్న: మా డిజైన్‌లో 10 లక్షల ఫ్లిప్‌ఫ్లాప్‌లు, 16 ఇన్‌పుట్ ఛానెళ్లు (బిట్లు లోపలికి వచ్చే పిన్నులు), 1,600 చెయిన్లు. చెయిన్లను 3,200 చేస్తే టెస్ట్ సమయం సగం అవుతుందనుకున్నాం. పదో వంతే తగ్గింది. పైగా కొన్ని ఫాల్ట్‌లకు (చిప్‌లో ఉండగల లోపాలకు) ప్యాటర్న్ ఎన్‌కోడ్ కాలేదని టూల్ చెబుతోంది. ఎందుకు?
— డీఎఫ్‌టీ (టెస్ట్‌కు వీలుగా చిప్‌ను డిజైన్ చేసే) ఇంజినీరు, హైదరాబాద్

డీకంప్రెసర్ లోపల ఏం జరుగుతోందో ఒకసారి కాగితం మీద చేసి చూస్తే మీ రెండు చిక్కులకూ జవాబు దొరుకుతుంది.

నాలుగు బిట్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్, అంటే ప్రతి క్లాక్‌కూ ఒక అడుగు జరిగి తన బిట్లనే కలిపి కొత్త బిట్ పుట్టించే రిజిస్టర్, తీసుకోండి. దాంట్లో మొదట వేసే బిట్లు, అంటే సీడ్, చివరి నుంచి క, చ, ట, త. ప్రతి క్లాక్‌కూ చివరి బిట్ చెయిన్‌లోకి పోతుంది, చివరి రెండు బిట్ల ఎక్సార్ మొదట్లోకి వస్తుంది. అప్పుడు చెయిన్‌లోకి వరుసగా పోయేవి: క, చ, ట, త, క+చ, చ+ట, ట+త, క+చ+త, క+ట, చ+త. ఇక్కడ కూడిక అంటే ఎక్సార్: రెండు బిట్లూ ఒకటే అయితే 0, వేరైతే 1. పది బిట్లూ నాలుగు అక్షరాల్లోంచే పుట్టాయి.

ఏటీపీజీ మూడో బిట్ 1, ఆరోది 0, తొమ్మిదోది 1 కావాలంది అనుకోండి. ట=1. చ+ట=0 కాబట్టి చ=1. క+ట=1 కాబట్టి క=0. త ఏదైనా ఫర్వాలేదు, 0 వేద్దాం. సీడ్ 0110 వేస్తే చెయిన్‌లోకి 0110101111 పోతుంది. అడిగిన మూడు చోట్లా సరిపోయింది. పది బిట్లకు నాలుగు బిట్లు చాలాయి.

ఇప్పుడు మొదటి బిట్ 1, మూడోది 1, తొమ్మిదోది 1 కావాలనండి. క=1, ట=1, మరి తొమ్మిదోది క+ట, అంటే 0. కుదరదు. తెలియనివి నాలుగు ఉన్నాయి, అడిగింది మూడే, అయినా జవాబు లేదు. ఆ మూడు చోట్లూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మీ టూల్ చెప్పే ‘ఎన్‌కోడ్ కాలేదు’ అన్న మాటకు అర్థం ఇదే. 1991లో ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ సీడ్‌లతో ప్యాటర్న్‌లను దాచే పద్ధతిని ముందుకు తెచ్చిన బెర్న్డ్ కోనెమన్ లెక్క ప్రకారం, అత్యధిక కేర్ బిట్ల సంఖ్యకు 20 కలిపి ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ పొడవు పెట్టుకుంటే సీడ్ దొరకకపోయే అవకాశం పది లక్షల్లో ఒకటికి దిగుతుంది.

ఇప్పటి టూల్స్‌లో సీడ్ ఒక్కసారే వేసి వదిలేయరు. 2001లో మెంటర్ గ్రాఫిక్స్ తెచ్చిన టెస్ట్‌కంప్రెస్ దగ్గర్నుంచి, ప్రతి షిఫ్ట్ క్లాక్‌కూ ఛానెళ్లలోంచి కొత్త బిట్లు లోపలికి కలుస్తూనే ఉండే పద్ధతి స్థిరపడింది. కాబట్టి ఒక ప్యాటర్న్‌కు మీకు దొరికే తెలియనివి ఎన్నంటే, ఛానెళ్లు × చెయిన్ పొడవు, పైన కొద్దిపాటి ఆరంభ క్లాకులవి. 1,600 చెయిన్లప్పుడు పొడవు 625, 16తో గుణిస్తే 10,000. అంటే 10 లక్షల బిట్లలో 1 శాతం. 3,200 చేశారు, పొడవు 313కు దిగింది, చేతిలో ఉన్నవి 5,008. అర శాతం. ఒకే ప్యాటర్న్‌లో ఎక్కువ ఫాల్ట్‌లను ఇరికించడం మొదటి ప్యాటర్న్‌లలోనే జరుగుతుంది, కేర్ బిట్లు దండిగా ఉండేవీ అవే. జాగా సగమైతే టూల్ ఒక్కో ప్యాటర్న్‌లో తక్కువ ఫాల్ట్‌లు పెట్టి, ప్యాటర్న్‌ల సంఖ్య పెంచుతుంది. ఇంతకుముందు 10,000 × 625, అంటే 62.5 లక్షల క్లాకులు అనుకుంటే, ఇప్పుడు ప్యాటర్న్‌లు 18,000 అయితే 18,000 × 313, అంటే 56 లక్షల చిల్లర. మీకు కనిపించిన పదో వంతు ఇలాంటిదే. చెయిన్లకూ ఛానెళ్లకూ ఉన్న నిష్పత్తిని కంప్రెషన్ అని నివేదికలో రాసుకోవచ్చు గానీ, టెస్టర్ మీద తగ్గేది మాత్రం ఈ రెండో లెక్క.

ఎన్‌కోడ్ కాని ఫాల్ట్‌ల సంగతి వేరు. మొత్తం జాగా చాలక కాదు, ఒకే షిఫ్ట్ క్లాక్‌లో కేర్ బిట్లు కుప్పపడటం వల్ల చాలాసార్లు ఇది వస్తుంది. పెద్ద కంపారేటర్ (రెండు సంఖ్యలను పోల్చే సర్క్యూట్), లేదా చాలా ఇన్‌పుట్ల ఆండ్ గేటును నడిపే ఫ్లిప్‌ఫ్లాప్‌లన్నీ వేర్వేరు చెయిన్లలో ఒకే లోతున పడి ఉంటే, ఒక్క క్లాక్‌లో అరవయ్యో డెబ్భయ్యో బిట్లు ఒకేసారి కావాలి. ఆ క్లాక్‌కు కొత్తగా వచ్చేవి 16. అంతకుముందు దాచుకున్నవి కొన్ని. ఇంక చాలదు. ముందు ఆ ఫాల్ట్‌ల జాబితా తీసి, వాటి లాజిక్ ఎక్కడుందో చూడండి. ఒకటి రెండు బ్లాకుల్లోనే గుంపుగా ఉంటే అక్కడ టెస్ట్ పాయింట్లు (టెస్ట్ కోసమే చేర్చే అదనపు గేట్లు, ఫ్లిప్‌ఫ్లాప్‌లు) పెట్టండి, లేదా ఆ ఫ్లిప్‌ఫ్లాప్‌లను చెయిన్లలో వేర్వేరు లోతులకు జరపండి. అలా కాక చిప్ అంతటా చెల్లాచెదురుగా ఉంటే 1,600కు వెనక్కి వెళ్లడమే మేలు. మిగిలిపోయిన కొద్ది ఫాల్ట్‌లకు బైపాస్ మోడ్‌లో (డీకంప్రెసర్, కంపాక్టర్ లేకుండా నేరుగా) ప్యాటర్న్‌లు తీసుకోవచ్చు గానీ జాగ్రత్త: 1,600 చెయిన్లను 16 దారుల్లో కలిపితే ఒక్కో దారి పొడవు 62,500. అలాంటి ప్యాటర్న్ ఒక్కటి, కుదించిన వంద ప్యాటర్న్‌లంత సమయం తింటుంది.

ప్రశ్న: సిమ్యులేషన్‌లో అన్నీ పాసయ్యాయి. మొదటి చిప్‌లు వచ్చాక కంప్రెషన్ ప్యాటర్న్‌లు అన్ని చిప్‌ల మీదా ఫెయిల్. బైపాస్‌లో మాత్రం చాలావరకు పాస్. ఎక్కడ మొదలుపెట్టాలి?
— టెస్ట్ ఇంజినీరు, బెంగళూరు

అన్ని చిప్‌ల మీదా ఒకే క్లాక్‌ల దగ్గర ఫెయిలైతే, చిప్‌లను అనుమానించకండి. మీరు వస్తుందనుకున్న జవాబే తప్పు. చాలాసార్లు దీని వెనక ఉండేది ఎక్స్, అంటే విలువ ఇదీ అని సిమ్యులేటర్ చెప్పలేని బిట్.

లోపలికి పంపేటప్పుడు తెలియని బిట్ మనకు వరం, బయటికి వచ్చేటప్పుడు అదే శాపం. వంద చెయిన్లను ఎక్సార్ చేసి ఒక పిన్నుకు పంపుతున్నారనుకోండి. ఒక క్లాక్‌లో ఒక చెయిన్‌లో ఎక్స్ వచ్చినా, మిగతా 99 చెయిన్లలో ఆ క్లాక్‌కు ఉన్న మంచి సమాచారం కూడా పోయినట్టే. వెయ్యింట ఒక బిట్ ఎక్స్ అయితే, వంద చెయిన్లలో ఒక్కటీ లేని క్లాకులు నూటికి సుమారు 90. నూటికొకటి అయితే అవి 37కు పడిపోతాయి. బైపాస్‌లో చెయిన్లు కలవవు కాబట్టి ఆ ఒక్క బిట్ ఒక్కటే పోతుంది. మీకు అక్కడ చాలావరకు పాసవడం అందుకే.

జవాబులన్నింటినీ సిగ్నేచర్ అనే ఒక చిన్న సంఖ్యగా కుదించే ఎంఐఎస్‌ఆర్ రిజిస్టర్ వాడుతుంటే పరిస్థితి ఇంకా దారుణం. 32 బిట్ల ఎంఐఎస్‌ఆర్‌లో తప్పు జవాబు ఒప్పు సిగ్నేచర్‌గా తేలే అవకాశం దాదాపు 430 కోట్లలో ఒకటే, అంత భద్రం. కానీ ఒక్క ఎక్స్ పడిందా, ఆ తర్వాత వచ్చే సిగ్నేచర్ అంతా చెడుతుంది.

వెతకడం ఈ వరసలో చేయండి. బైపాస్‌లో చెయిన్ టెస్ట్: 0011 0011 అని పంపండి. 0 నుంచి 0, 0 నుంచి 1, 1 నుంచి 1, 1 నుంచి 0 నాలుగు మార్పులూ అందులో ఉన్నాయి. అది పాసైతే అదే చెయిన్ టెస్ట్ కంప్రెషన్ మోడ్‌లో. ఇది ఫెయిలైతే చూడాల్సింది డీకంప్రెసర్‌కూ మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌కూ మధ్య, చివరి ఫ్లిప్‌ఫ్లాప్‌కూ కంపాక్టర్‌కూ మధ్య. క్లాక్ వేరైన చోట లాకప్ లాచ్ (బిట్‌ను అర క్లాక్ ఆపి ఉంచేది) పెట్టారో లేదో చూడండి. షిఫ్ట్ వేగాన్ని 10 మెగాహెర్ట్జ్‌కు దించండి. అప్పుడు పాసైతే సెటప్ సమస్య (బిట్ ఆలస్యంగా రావడం), లేదా షిఫ్ట్‌లో కరెంటు ఎక్కువై వోల్టేజీ పడిపోవడం. అప్పుడూ అలాగే ఫెయిలైతే హోల్డ్ సమస్య (బిట్ మరీ త్వరగా మారిపోవడం), దానికి క్లాక్ తగ్గించినా ఫలితం ఉండదు.

రెండు చెయిన్ టెస్టులూ పాసై, మామూలు ప్యాటర్న్‌లే పోతుంటే ఫెయిలైన క్లాకులను ఫ్లిప్‌ఫ్లాప్‌ల పేర్లలోకి మార్చి చూడండి. అనుమానించాల్సినవి ఇవి: బైపాస్ లేని మెమరీ అవుట్‌పుట్లు, స్కాన్‌లో లేని ఫ్లిప్‌ఫ్లాప్‌లు, రెండు క్లాకుల మధ్య దాటే దారులు, షిఫ్ట్‌లో కదిలే ఎసింక్రనస్ (క్లాక్‌తో పనిలేని) రీసెట్. అన్నింటికన్నా ఎక్కువగా దొరికేది, ఎట్‌స్పీడ్ (చిప్ అసలు వేగంతో చేసే టెస్ట్) ప్యాటర్న్‌లకు టైమింగ్ వాళ్ల ఫాల్స్ పాత్ (పనిలో వాడని దారి), మల్టీసైకిల్ (ఒకటికన్నా ఎక్కువ క్లాకులు పట్టే దారి) జాబితా ఇవ్వకపోవడం. ఆ దారుల్లో జవాబు ఒక్క క్లాక్‌లో రాదు, వస్తుందని ఏటీపీజీ అనుకుంది. ఆలస్యాలు పెట్టకుండా సిమ్యులేషన్ చేస్తే అదీ పాసే అంటుంది. ఎస్‌డీఎఫ్ (ఆలస్యాల ఫైలు) పెట్టి, కంప్రెషన్ మోడ్‌లోనే, కొద్ది ప్యాటర్న్‌లనైనా బిట్ బిట్‌గా షిఫ్ట్ చేస్తూ నడిపి ఉంటే అక్కడే బయటపడేది.

మాస్కింగ్, అంటే ఎక్స్ వచ్చే చెయిన్లను కంపాక్టర్‌లోకి పోకుండా మూయడం, పెంచితే ప్యాటర్న్‌లు పాసవుతాయి, నిజమే. కానీ మాస్క్ బిట్లనూ టెస్టరే పంపాలి, మూసిన చెయిన్‌లో కనిపించాల్సిన ఫాల్ట్‌కు ఇంకో ప్యాటర్న్ రాయాలి. కాబట్టి ఎక్స్‌ను పుట్టినచోటే, ఆర్‌టీఎల్ (డిజైన్ కోడ్)లోనే ఆపమని డిజైనర్లను ఒప్పించండి.

తర్వాతి చిప్‌కు కంపాక్టర్ గురించి అడిగే అవకాశం ఉంటే ఇది గుర్తుంచుకోండి. 2002లో ఇంటెల్ నుంచి సుభాశీష్ మిత్ర, కీ సప్ కిమ్ చూపిన ఎక్స్‌కంపాక్ట్ పద్ధతిలో ఒక్కో చెయిన్‌ను ఒక్క పిన్నుకే కాక కొన్ని పిన్నులకు కలుపుతారు. 5 పిన్నులుంటే, ఒక్కో చెయిన్‌కు వాటిలో మూడేసి చొప్పున వేర్వేరు జట్లు ఇస్తే 10 చెయిన్లు పడతాయి. ఒక చెయిన్‌లో ఎక్స్ వచ్చి తన మూడు పిన్నులనూ చెడగొట్టినా రెండు మిగులుతాయి. ఏ రెండు చెయిన్ల జట్లూ ఒకటి కాదు కాబట్టి, ఇంకో చెయిన్‌లో తప్పు వస్తే అది ఆ రెండింటిలో ఒకదాంట్లోనైనా కనిపించి తీరుతుంది.

ప్రశ్న: డోంట్ కేర్లను 0తో నింపడమా, రాండమ్‌గా నింపడమా? ఇంట్లో ఇవన్నీ చేసి చూడటానికి ఖర్చులేని దారి ఉందా?
— అధ్యాపకుడు, వరంగల్

రాండమ్‌గా నింపితే లెక్కలో లేని లోపాలు కొన్ని అదృష్టం కొద్దీ దొరుకుతాయి. కానీ షిఫ్ట్‌లో పక్కపక్క బిట్లు సగం చోట్ల మారుతూ ఉంటాయి, చిప్ మామూలుగా పనిచేసేటప్పుడు పడే దానికన్నా ఎక్కువ కరెంటు లాగి, వోల్టేజీ పడిపోయి, మంచి చిప్ కూడా ఫెయిల్ కావొచ్చు. 0తో నింపితే, లేదా పక్కనున్న కేర్ బిట్ విలువనే కొనసాగిస్తే, కరెంటు తగ్గుతుంది, అదృష్టం కూడా తగ్గుతుంది. పైన చెప్పిన ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ డీకంప్రెసర్ ఉన్నచోట ఈ ఎంపిక మీ చేతిలో ఉండదు, మిగిలిన చోట్ల అదే రాండమ్‌లాంటిది నింపేస్తుంది. అందుకే తక్కువ కరెంటు కోసం ఆ టూల్స్‌కు విడిగా ఏర్పాట్లుంటాయి.

ఇంట్లో చేయడానికి ఐఎస్‌సీఏఎస్ 89 నమూనా సర్క్యూట్ల ఫైళ్లు, వర్జీనియా టెక్‌లో రాసిన అటలాంటా ఏటీపీజీ, ఐకారస్ వెరిలాగ్ సిమ్యులేటర్ చాలు. అటలాంటాకు ఫ్లిప్‌ఫ్లాప్‌లు తెలియవు. ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుట్‌ను సర్క్యూట్ ఇన్‌పుట్‌గా, దాని ఇన్‌పుట్‌ను సర్క్యూట్ అవుట్‌పుట్‌గా తెంపి ఇవ్వండి. ఎస్13207లో (ఎస్13207.1 ఫైలులో) అలా 638 ఫ్లిప్‌ఫ్లాప్‌లు, 62 ఇన్‌పుట్లు కలిసి ప్యాటర్న్ పొడవు 700 అవుతుంది. డోంట్ కేర్లు నింపకుండా ఉన్న ప్యాటర్న్‌లు తీసుకుని, పైథాన్‌లో ఎక్సార్ సమీకరణాలను గాస్ పద్ధతిలో విప్పే ముప్పై నలభై లైన్లు విద్యార్థులతో రాయించండి. మొదట పైన చూపిన నాలుగు బిట్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్‌తోనే నడపమనండి. 1, 3, 9 స్థానాలకు మూడు 1లు అడిగినప్పుడు ‘జవాబు లేదు’ అని ప్రోగ్రామ్ చెప్పకపోతే అందులో తప్పున్నట్టే.